కార్డు అడుగున రెండు చిలకలు

మా పెద్దనాయిన లక్ష్మీనర్సయ్యకు ఎక్కువ మాటలంటే ఒళ్లు మంట. కొందరికి వంకాయ పడదు, కొందరికి ఎండ పడదు, ఆయనకు అక్కర్లేని మాట పడదు. చదివేటప్పుడు అలాంటి మాట ఎదురైతే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవాడు. వంటింట్లో డబ్బాల మీద అంటించిన కాగితాలను కూడా వదల్లేదు మహానుభావుడు. నేను ముద్దుగా "మంచి కందిపప్పు" అని రాసి అంటిస్తే, "చెడ్డది వేరే డబ్బాల ఉన్నదా?" అని అడిగి "మంచి" కొట్టేశాడు.

ఆయనకు దొరికిన ఉద్యోగం కూడా దానికి తగ్గదే. యూనివర్సిటీలో పుస్తకాలు అచ్చువేసే విభాగంలో పని. సార్లు రాసిచ్చినవన్నీ ముందు ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఆయన ఎర్ర పెన్సిలు కింద నలిగి, ఒళ్లు తగ్గించుకుని, అప్పుడు అచ్చుకు పోయేవి.

కాలేజీ చదువులు తెలుగులో చెప్పాలన్న మాట అప్పుడప్పుడే ఊపందుకుంటున్నది. ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో పాఠం చెప్పే సార్లంతా తెలుగులో పుస్తకాలు రాయడానికి కూర్చున్నారు. ఇంట్లో పెళ్లాం పిల్లలతో చక్కటి తెలుగు మాట్లాడే మనిషే, కాగితం ముందుకు రాగానే పట్టుపంచె కట్టి తలపాగా చుట్టుకునేవాడు. బాటనీ సారు ఒకాయన "వృక్షముల యొక్క పత్రములు హరిత వర్ణమును కలిగియుండుటకు గల కారణమేమని మనము పరిశీలించినట్లయితే" అని మొదలుపెట్టాడు. పెద్దనాయిన దాన్ని కొట్టేసి "ఆకులు పచ్చగా ఎందుకుంటాయంటే" అని రాసి పంపాడు. ఆ సారు కోపంతో ఊగిపోతూ వచ్చి, నా వాక్యంలో ఇంక మిగిలిందేమిటని నిలదీశాడట. "ఆకు మిగిలింది సార్," అన్నాడట ఈయన.

ఆ వారంలోనే బాటనీ సారు మిగతా అధ్యాయాలు చంకన పెట్టుకుని తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. భూదేవి పెద్దమ్మ చాయ్ పోసింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా మాటలు ఏరి పారేశారు. అందరూ ఇలా దారికి వచ్చారని కాదు. చరిత్ర చెప్పే సారు ఒకాయన పెద్దనాయినతో మాట్లాడటమే మానేశాడు. "మంచిదే అయింది. ఆయన మాట్లాడితె గంట," అని పెద్దనాయిన సంతోషించాడు.

ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. జనగామ దిక్కు పల్లెలో నాగలి పట్టిన ఇంటి నుంచి వచ్చి, నిజాం కాలంలో ఇదే యూనివర్సిటీలో ఉర్దూలో బి.ఏ. చేశాడు. తెలుగు రాత మాత్రం ఉద్యోగం వచ్చాక తనంతట తాను నేర్చుకున్నదే. కష్టపడి సంపాదించుకున్న మాట ఊరికే కూర్చుంటే ఆయన ఓర్చుకోలేకపోయేవాడు. "పని చెయ్యని మాటకు కూడు పెట్టొద్దు బిడ్డా," అనేవాడు.

నోటి మాటలోనూ అదే పొదుపు. బయటినుంచి వచ్చి "నీళ్లు" అనేవాడు. భూదేవి పెద్దమ్మ నోరు ఊరుకునేది కాదు. "నీళ్లేం చెయ్యాలె? తాగుతవా, స్నానం చేస్తవా, చెట్లకు పోస్తవా? ఒక్క మాట ఎక్కువంటే నీ నోట్లె ముత్యాలు రాల్తయా?" అని చెంబు ఠప్పున పెట్టేది. ఆయన గుటుక్కున తాగి చెంబు వెనక్కి ఇచ్చేవాడు. వాళ్లిద్దరి సంసారం అట్లాగే సాగింది, హాయిగానే సాగింది. ఇంటికి కావలసిన మాటలన్నీ పెద్దమ్మే మాట్లాడేది.

నేను ఆయన తమ్ముడి కూతుర్ని. నా పేరు సారలమ్మ. నాకు ఊహ తెలియకముందే మా నాయిన జ్వరమొచ్చి పోయాడు. పెద్దనాయినకు పిల్లలు లేరు. అమ్మనూ నన్నూ తార్నాకకు తెచ్చుకుని, నన్ను కోఠిలో ఆడపిల్లల కాలేజీ దాకా చదివించాడు. ఎంత పొదుపరి అయినా నన్ను మాత్రం రోజంతా "బిడ్డా, బిడ్డా" అంటూనే ఉండేవాడు. ఆ మాటకు మాత్రం కోత లేదు.

నా పుట్టెడు గారాబంలో ఇంకో సగం మా మేనమామ కొమురెల్లిది. అమ్మకు తమ్ముడు. మౌలాలిలో ఉండేవాడు, రైల్వేలో పని. మా నాయిన పోయాక మమ్మల్ని మొదట కడుపులో పెట్టుకున్నది ఆయనే. పెద్దనాయినకు ఇల్లు దొరికేదాకా మేం మౌలాలిలోనే ఉన్నాం. నన్ను భుజం మీద ఎక్కించుకుని గుట్ట మీది దర్గాకు తీసుకుపోయేవాడు. తార్నాకకు వచ్చాక కూడా డ్యూటీ లేని రోజున జామకాయలు పట్టుకుని దిగేవాడు. వచ్చీ రాగానే నా తల మీద చెయ్యి వేసి ఒక ఊపు ఊపేవాడు, అదే ఆయన పలకరింపు.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఆయన తన కొడుకు బిక్షానికి నన్ను అడిగాడు. మేనరికం, అడగడం ఆయన హక్కు. కానీ బిక్షమూ నేనూ ఒక కంచంలో తిని, ఒకరి జుట్టు ఒకరం పట్టుకుని పెరిగినవాళ్లం. మాకు ఇద్దరికీ ఆ ఊసు వింటేనే నవ్వొచ్చింది. మామ మా మొహాలు చూసి, "సరే తియ్, పిల్లల ఇష్టం," అని వదిలేశాడు. కరెంటాఫీసులో పనిచేసే వీరస్వామి సంబంధం వచ్చినప్పుడు, పిల్లవాడు ఎలాంటివాడో వాకబు చేసి వచ్చింది కూడా ఆయనే. "తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇయ్యొచ్చు," అని ఆయన చెప్పాకే మా ఇంట్లో తాంబూలాలు కదిలాయి.

అరవై ఎనిమిది ఎండాకాలంలో ముహూర్తం పెట్టారు. ముషీరాబాదులో రాజలింగం అనే ఆయన ప్రెస్సులో కార్డులు కొట్టించడానికి పెద్దనాయిన వెళ్లాడు. అక్కడ జరిగింది రాజలింగమే తర్వాత మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. అందరికీ వేసే నమూనా కార్డు ఒకటి ఆయన ముందు పెట్టాడట. పెద్దనాయిన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడట.

"సకుటుంబ సపరివార సమేతముగా అంటె ఏంది? కుటుంబం వేరే, పరివారం వేరేనా? సమేతం అన్నంక 'స' ఎందుకు?"

"అందరు అట్లనే ఏస్తరు సార్."

"అందరు ఏస్తె?"

అలా మొదలై, శ్రీలు పోయాయి, "శుభముహూర్తమున" పోయింది, "మా ఆతిథ్యమును స్వీకరించి" పోయింది. అన్నం పెట్టకుండా ఎవడు పంపిస్తాడు, అది రాయాల్నా అని ఆయన వాదన. చివరికి అడుగున బంధువుల పేర్ల దగ్గరికి వచ్చారు. మేనమామలు, బాబాయిలు, బావలు అంతా వరుసగా ఉండే చోటు అది.

"పిలిచేది నేను. వచ్చేది వాళ్లు. నడుమ ఇంతమంది ఎందుకు?" అన్నాడు పెద్దనాయిన.

"మేనమామ పేరన్న ఉండాలె గద సార్?"

"మేనమామ ఎవరో అందరికి తెలుసు. తెలిసింది అచ్చెయ్యాల్నా?"

రాజలింగం తల గోక్కున్నాడట. "అడుగంత ఖాళీగ కనబడుతది సార్. చిలకల బ్లాక్ ఉన్నది, ఏస్తా," అన్నాడట.

"బొమ్మల మాటలు లేవు గద. ఎయ్యి."

కార్డు వచ్చింది. మా తమ్ముడి కూతురు సారలమ్మకూ వీరస్వామికీ పెండ్లి అని, రోజూ వేళా, తార్నాకలో మా ఇల్లూ, తప్పక రండి అని, కింద పెద్దనాయిన పేరు. దాని కింద ముక్కూ ముక్కూ రాసుకుంటున్న రెండు చిలకలు. క్యాంపస్‌లో ఆ కార్డు ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరిగింది. "పెండ్లికార్డంటే ఇదీ," అని బాటనీ సారు తన క్లాసులో చదివి వినిపించాడట. పెద్దనాయిన పైకి ఏమీ అనలేదు కానీ, ఆ రోజుల్లో ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి ఇంటికి నడిచి వచ్చే నడకే వేరుగా ఉండేది. ప్రూఫు పెండ్లిపిల్లకు చూపించే కాలం కాదది. అమ్మకూ పెద్దమ్మకూ చదువు రాదు. ఇంట్లో ఆ కార్డును పసుపు రాయడానికి తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

మా వైపు మొదటి కార్డు దేవుడికి, రెండోది మేనమామకు. అమ్మా పెద్దమ్మా నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు పెట్టి పిలవడానికి మౌలాలి వెళ్లారు. పోయేటప్పుడు కొత్త చీరలు కట్టుకుని నవ్వుకుంటూ పోయారు. వచ్చేటప్పుడు అమ్మ కొంగుతో మొహం కప్పుకుని వచ్చింది.

జరిగిందిది. మామ కార్డు అందుకుని కళ్లకు అద్దుకున్నాడు. పై నుంచి కిందిదాకా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు. "ఇంకో కాగితం గిట్ట ఉన్నదా అక్కా దీంతోటి?" అని అడిగాడు. లేదంది అమ్మ. మామ కార్డును గూట్లో పెట్టి, "వస్తలే. అందరితోటి వస్తా. అక్షింతలు ఏస్తా, అన్నం తింటా, పోతా," అన్నాడు.

"అందరితోటి ఏందిరా?" అంది అమ్మ. "నువ్వు ముందుగాల రావాలె గద. పిల్లను ఎత్తుకొని తెచ్చేటోనివి."

"ఎత్తుకొని తెచ్చేటోని పేరు అండ్ల లేదక్కా. రెండు చిలకలకు జాగ దొరికింది, నాకు దొరకలే." అప్పటిదాకా ఆపుకున్నది అప్పుడు బయటికి వచ్చింది. "పిల్లను అడిగిన, ఇయ్యలే. సరే అన్న. ఎన్నడన్న మనసుల పెట్టుకున్ననా? అది మనసుల పెట్టుకొని బావ నా పేరే తీసేసిండు."

అదీ అసలు గాయం. పెద్దనాయిన తీసింది ఒక వరుస అచ్చు. అక్కడ మామ చదివింది మాత్రం, నీకూ ఈ పిల్లకూ సంబంధం తెగిపోయిందని.

మా వైపు పెండ్లిపిల్లను మేనమామ ఎత్తుకుని మండపానికి తెస్తాడు. పిల్ల కాళ్లు నేలకు తగలనివ్వడు. వరుసకు మేనమామలు అయ్యేవాళ్లు ఊళ్లో ఇంకో ఇద్దరున్నారు, వాళ్లలో ఒకరిని అడుగుదామని పెద్దమ్మ మెల్లగా అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"కొమురెల్లి మామ రాకుంటె నేను అర్రలకెల్లి బయటికే రాను. పీటల మీద వీరస్వామి ఒక్కడే కూసుంటడు," అన్నాను. కాబోయే మొగుణ్ని పేరు పెట్టి అన్నందుకు అమ్మ ఏడుపు మధ్యలోనే నన్ను కసిరింది.

పెద్దనాయిన అరుగు మీద నుంచి లోపలికి వచ్చాడు. విషయం విని ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, అందులో నటన లేదు. "కార్డుల పేరు లేకుంటె మేనమామ కాకుండ పోతడా? అందరికి తెలిసిన ముచ్చటే గద!" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"పెద్దనాయినా," అన్నాను, "నేను నీ బిడ్డనని నీకు తెలుసా?"

"తెల్వకేంది?"

"నాకు తెలుసా?"

"నీకు సుత తెలుసు."

"మరి పొద్దుందాక బిడ్డా బిడ్డా అని ఎందుకంటవు? అది సుత కొట్టెయ్యి."

నేను అంత మాట అనగలనని నాకూ తెలియదు. పెద్దమ్మ పొయ్యి దగ్గరికి పోయి ఊరికే గిన్నెలు సర్దింది. ఆ సాయంత్రం ఆయన క్యాంపస్ వైపు నడకకు పోయి, భోజనం వేళ దాటాక వచ్చాడు.

మరుసటి రోజు ఆయన ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. పుస్తకం అచ్చయ్యాక తప్పులు బయటపడితే ఏం చేస్తారు? చిన్న కాగితం మీద తప్పొప్పుల పట్టిక కొట్టి, పుస్తకంలో పెట్టి ఇస్తారు. అలాగే రాజలింగం చేత "మేనమామ: కొమురెల్లి" అని చీటీలు కొట్టించి కార్డులు అందినవాళ్లందరికీ పంచుదామన్నాడు. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"పెండ్లికార్డుకు తప్పుల చీటీ పంచుతవా? చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు గాదు, నువ్వు ఆకులకు సుత అగ్గి పెడతవ్! సక్కగ మౌలాలి పో. పోయి మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"గదీ నేనే చెప్పాల్నా? ఇన్నేండ్లు మాటలన్ని దాసిపెట్టుకున్నవ్ గద. తియ్ బయటికి."

ఆ రోజు ఆయన ఆఫీసుకు పోలేదు. చాప మీద కూర్చుని మామతో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాడు. రాసి, చదివి, కొట్టేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. అలవాటు చేతిలో ఉంది కదా, ఎక్కడికి పోతుంది? ఇది పొగడ్తలాగ ఉన్నది అని ఒకటి తీశాడు, ఇది ముందే చెప్పింది అని ఇంకోటి తీశాడు. ఎండ తగ్గేసరికి పేజీలో ఒక్క మాట మిగిలింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నడువు బిడ్డా," అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి మళ్లీ వచ్చినందుకు నా ప్రాణం లేచి వచ్చింది. రిక్షా మాట్లాడుకుని లాలాపేట మీదుగా మౌలాలి పోయాం. దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

మామ అప్పుడే డ్యూటీ దిగి, స్నానం చేసి, గడప ముందు మంచం మీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "రా బావా, కూసో," అన్నాడు. నాతో, "పెండ్లిపిల్లవు, బయట ఎందుకు తిరుగుతున్నవే?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు కానీ, నా తల మీద చెయ్యి వెయ్యలేదు.

శివమ్మత్త నీళ్లు తెచ్చింది. పెద్దనాయిన తాగి, గ్లాసు కింద పెట్టి, "తప్పయింది," అన్నాడు.

అంతే. కాగితంలో మిగిలింది ఆ ఒక్క మాటే మరి.

మామ నవ్వాడు. అలాంటి నవ్వు ఆయన మొహం మీద నేను అంతకుముందు చూడలేదు. "తప్పేమున్నది బావా? మంచిగ కొట్టిచ్చినవ్. మా పనికాడ అందరికి చూపెట్టిన, అందరు బాగున్నదన్నరు. ఎక్కువ లేదు, తక్కువ లేదు."

గూడ్సు బండి ఒకటి నింపాదిగా పోయింది. అది పోయేదాకా ముగ్గురం దాని వైపే చూస్తూ కూర్చున్నాం. పెద్దనాయిన ఇక లేచి పోదామంటాడని అనుకున్నాను. నేనే ఏదో ఒకటి అనబోయాను.

"వానాకాలం," అన్నాడు పెద్దనాయిన. మామ తలెత్తాడు.

"మా తమ్ముడు పోయింది వానాకాలం. వాగులన్ని పొంగినయ్. నేను ఈడ, హైదరాబాద్‌ల, ఎవరియో కాగితాలు దిద్దుకుంట కూసున్న. నాకు తెలిసి, నేను పోయేసరికి అంత అయిపోయింది. నువ్వు పోయినవ్. వాగు దాటి పోయినవ్. నా తమ్మునికి నేను చెయ్యాల్సింది నువ్వు చేసినవ్. మీ అక్కను, ఈ పిల్లను తోలుకొని వచ్చినవ్. పిల్లను భుజం మీద ఎక్కిచ్చుకొని వాగు దాటిచ్చినవ్."

"గియ్యన్ని ఇప్పుడెందుకు బావా?"

"పిల్లకు అమ్మవారు పోసిన్నాడు నువ్వు డ్యూటీ ఇడిసిపెట్టి, యాపమండ పట్టుకొని పక్కన్నే కూసున్నవ్. నేను గడప కాడ నిలబడ్డ. లోపలికి వచ్చే ధైర్యం లేక నిలబడ్డ. నువ్వు కూసున్నవ్. పిల్ల కాలేజీల చేరిన్నాడు నాకు ఆఫీసుల పనుండె. నువ్వే తోలుకపోయినవ్. ఆడ నిన్ను చూసి పిల్ల తండ్రివా అని అడిగిండ్రంట. మేనమామను అని చెప్పినవంట. మీ అక్క నాతోని చెప్పింది. బిక్షానికి పిల్లను అడిగినవ్, పిల్లలు వద్దన్నరు, ఒక్క మాటన్న అనలే నువ్వు. వేరే పిలగాని కోసం నువ్వే తిరిగినవ్. ఇంకొకడైతె మా గడప తొక్కకపోవు."

మామ తల వంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. "ఇవన్ని నాకెర్కే గద బావా," అన్నాడు.

"ఎర్కే. నీకెర్కే, నాకెర్కే, లోకానికెర్కే. నేను మాత్రం ఎన్నడు అనలే. ఒక్కనాడన్న నీతోని అన్ననా? ఎర్కున్నదే గద అనుకొని నోట్ల పెట్టుకొని కూసున్న. ఇయ్యాల అంటున్న. విను."

ఇక ఆయనను ఆపడం ఎవరి వల్లా కాలేదు. చెప్పిందే చెప్పాడు. వాగు సంగతి మళ్లీ వచ్చింది, భుజం సంగతి మళ్లీ మళ్లీ వచ్చింది. ఒక మాట కింద పెట్టి, దాన్నే ఇంకోలా ఎత్తుకున్నాడు. ఇదే ఎవరైనా రాసి ఆయన బల్ల మీద పెడితే కాగితమంతా ఎర్రబడేది. నేను పుట్టాక ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవేమో. నాకు ఏడుపు ఆగలేదు. శివమ్మత్త పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి, తలుపుకు ఆనుకుని ముక్కు చీదుకుంటూ వింది.

"ఇగ చాలు బావా," అన్నాడు మామ, లేవబోతూ.

"చాలదు. కూసో," అన్నాడు పెద్దనాయిన.

మామ కూర్చున్నాడు. చివరికి పెద్దనాయినకు మాటలు కాదు, ఊపిరి అయిపోయింది. అత్త ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చింది. మామ ముంజేతితో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"లెవ్వే, నిలబడు," అన్నాడు. "చానా బరువైనట్టున్నవ్. పెండ్లిదాక జెర తక్కువ తిను. నా నడుము పోతది."

అప్పుడు వేశాడు నా తల మీద చెయ్యి. ఆ పూట అక్కడే తిన్నాం. తక్కువ తినమన్న మనిషే నా పళ్లెంలో ఇంకో గరిటె వెయ్యమని అత్తను పోరుపెట్టాడు.

దీంతో పెద్దనాయిన మారిపోయాడని చెబితే అబద్ధం అవుతుంది. పెండ్లినాడు పొద్దున్నే అయ్యగారితో, సంకల్పంలో కొన్ని మాటలు రెండుసార్లు వస్తున్నాయి చూసుకోండని చెప్పి ఆయనకు కోపం తెప్పించాడు. ఎర్ర పెన్సిలు ఆయన జేబులో నుంచి రిటైరయ్యేదాకా దిగలేదు. ఆ బాటనీ పుస్తకం అచ్చయి వచ్చింది, పిల్లలు ఇష్టంగా చదివారు. దాన్ని చూస్తే నాకిప్పటికీ ఆయన మీద గర్వమే.

మామ మాత్రం ముందురోజే దిగాడు. శివమ్మత్త పసుపు చీర తెచ్చింది, నలుగు పెట్టి మైలపోలు స్నానం చేయించాక అదే కట్టుకున్నాను. బిక్షం పందిరికి మామిడాకులు కట్టాడు. పెండ్లి వేళకు అర్రలోకి వచ్చి మామ ధోవతి బిగించి కట్టుకున్నాడు. ఒక్క ఊపున నన్ను ఎత్తాడు. ఎత్తి, "అమ్మో!" అన్నాడు. ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు.

గుమ్మం దగ్గర పెద్దనాయిన నిలబడి ఉన్నాడు. మండపం దాకా దారి నిండా జనం. క్యాంపస్ సార్లు, ఊరివాళ్లు, మామతో పనిచేసే రైల్వేవాళ్లు అంతా నిలబడి ఉన్నారు. జరగండి అంటే చాలు, జరుగుతారు. పెద్దనాయిన రెండు చేతులూ చాచి, గొంతెత్తి అరిచాడు.

"జరుగుండ్రి! మా పిల్ల మేనమామ కొమురెల్లి వస్తుండు! మౌలాలి కొమురెల్లి, మా పిల్ల మేనమామ! మా బిడ్డను పెంచినోడు వస్తుండు, జరుగుండ్రి!"

జనం ఎప్పుడో జరిగారు. దారంతా ఖాళీ అయింది. అయినా ఆయన ఆపలేదు. మా ముందు నడుస్తూ, అడుగడుక్కూ, బాటనీ సారు దగ్గర ఒకసారి, వీరస్వామి వాళ్ల దగ్గర ఒకసారి, మామను పుట్టినప్పటి నుంచి ఎరిగిన మా ఊరి ముసలివాళ్ల దగ్గర కూడా ఒకసారి, అదే చెప్పాడు. మండపం దాకా అదే చెప్పుకుంటూ పోయాడు.

నేను మామ మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. ఆయన నన్ను మోస్తూనే, అందరి ముందూ, సిగ్గుపడకుండా ఏడ్చాడు.